పాలపుంతలో నా కొండ

శ్రీముఖలింగం ఈ పక్కా ఆ పక్కా ఎవరినైనా అడగండి. పాలపుంతలో కొండ లేపినవాడు నరసింగరావు ఒక్కడే అంటారు. ఉత్తి మాట కాదు, కాగితం మీద అచ్చయింది. ఈ పటంలో కుడిచేతి పక్కన నిటారుగా లేచి ఉంటుంది చూడండి, అదీ నేను.

మా కూతురి కూతురు శ్రావణి విజయనగరంలో ఫిజిక్సు పీజీ చదువుతోంది. మాఘమాసంలో థర్మాకోలు పలకలకి రొట్టెలు చుట్టే వెండికాగితం అతికించి, మేకపిల్ల పట్టేంత గరాటు చేసి మా మేడ మీద బిగించింది. పట్నంలో సెల్లు టవర్ల గోల ఎక్కువట.

"ఏటే ఇది, వడియాలెండెట్టడానికా?" అన్నాను.

"సుక్కల నడుమ గేసుంటాది తాతా, అది రేడియోలో పలుకుతాది. మన పాలపుంత పెద్ద పళ్లెం లాటిది. మనం పళ్లెంలోనే కూకొని దాని పటం గియ్యాల. గరాటు కదల్దు, ఆకాశమే దాని మీంచి ఎల్తాది. దినానికో వంపు మారుస్తాను."

"పట్టపగలేనా?"

"రేడియోకి పగలేటి, రేత్రేటి."

నెలాఖరుకి పటం ఇవ్వకపోతే ఆ పిల్ల ప్రాజెక్టు పోయినట్టే.

అప్పటికి నా భార్య దేముడమ్మ పోయి మూడో నెల. నాకు ఏడుపు రాలేదు. కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. ఎవరన్నా పలకరిస్తే ఏదో వేళాకోళం ఆడేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు గోడవతల ఎవరింట్లోనో నవ్వినట్టుండేది.

మా ఇంట్లో ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ల పేరున తొలిముద్ద కాకికి పెట్టాకే మిగతావాళ్లు తింటాం. పశువుల శాల గోడ మీద పెడితే ఒక్క కాకీ రాలేదు. గరాటు అంచు మీద పెట్టాను, వచ్చింది. దాని ముక్కు పక్కన తెల్ల మచ్చ, సరిగ్గా దేముడమ్మ ముక్కుపుడక పెట్టుకునే చోటే. తిన్నంతసేపూ పక్కనే నిలబడేవాణ్ణి.

కొన్నాళ్లకి శ్రావణి మొహం వేలాడేసుకుంది.

"తాతా, పుంతలో ఏదో కొండ లేస్తంది. ఆకాశందైతే సుక్కల్లాగ దినదినానికీ కొంచెం ముందుగా రావాల. ఇది మాత్రం మన బోజనాల ఏళకే వస్తంది."

మర్నాడు లాప్‌టాప్ పెట్టుకొని మేడ మీదే నీడలో కూర్చుంది. ముద్ద పట్టుకొని నేనెక్కాను. గరాటు మీదకి వంగాను. లాప్‌టాప్‌లో గీత లేచింది.

"నువ్వే తాతా. మనిషి ఒంటి ఏడి కూడా రేడియోలో పలుకుతాది."

కింద నుంచి మా బామ్మర్ది గిరిబాబు అందుకున్నాడు. "అయితే బావ ఒంట్లో ఇంకా ఏడి ఉందన్నమాట."

అదండీ నా కొండ. పుంతలోది కాదు, మా మేడ మీదిది. గంజి తాగిన ముసలి ఒంటి వేడి.

శ్రావణి నవ్వలేదు. "పుంత బాగా సిక్కగా ఉండే ముక్క ఇప్పుడు మద్యాన్నమే మీదకొస్తాది. ఆ ముద్ద అమ్మమ్మకేనా?"

"మరెవరికి?"

లాప్‌టాప్ మూసేసింది. "సర్లే. ఆ ముక్క ఒదిలేసి ఇచ్చెస్తాను. సారు తిడితే తిడతాడు."

"మీ అమ్మమ్మ సగం ముగ్గేసి ఒదిలేసిన దినముందా? ఒదలకు."

మర్నాటి నుంచి ముద్ద మళ్లీ శాల గోడ మీదే పెట్టాను. మెట్టు మీద కాలు వేసి తీసేసేవాణ్ణి. బాధేమీ అనిపించలేదు. అన్నం తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను. మేడ మీద గరాటు దాని పని అది చేసుకుంది.

నెలాఖరులోపు పటం పూర్తయింది. ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రటి పట్టీ, నడుమ ఎక్కడా ఎత్తు లేదు.

"ఇందులో నువ్వు లేవు తాతా."

"మంచిదే. పాడైపోయింది ఒకటుంది గదా, అది అచ్చుతీసి నాకియ్యి."

మీకు చూపించింది అదే.

చెప్పినదంతా నిజం, ఒక్క కాకి తప్ప. అది శాల గోడ మీదకీ రాలేదు, గరాటు మీదకీ రాలేదు. తెల్ల మచ్చ మాటల్లో నేను పెట్టిందే. ఆ గరాటు ఎంత దూరందైనా వింటాదని గిరిబాబు అంటే, దాని దగ్గర ముద్ద పెట్టి, "ఏమే, తిందువు రా" అనేవాణ్ణి. సాయంత్రానికి చీమలు పట్టేవి, దులిపేసేవాణ్ణి.