రాచెట్టులో ఆముదం

నిన్న సాయంత్రం ట్రాక్టరు బోల్టు బిగిస్తుంటే రాచెట్టు పానా పట్టు వదిలి, అర్ఫా పిడికిలి పోయి ఇనుముకు కొట్టుకుంది. వేళ్ల కణుపుల మీద తోలు లేచింది, అంతే. కానీ ఆ కణుపులకు పసుపు అద్ది గుడ్డ చుట్టిన తల్లి రహిమున్నీసా కళ్లకు మాత్రం విరిగిన మణికట్టు, ఒంగోలు ఆసుపత్రి, ఆ తర్వాత బతుకంతా ఎడంచేత్తో అన్నం తినే కూతురు, అన్నీ వరసపెట్టి కనపడ్డాయి. తెల్లారేసరికి ఒకటే నిశ్చయించుకుంది. ఆ రాచెట్టును బావిలో పడేయాలి.

అది ఆమె భర్త మాబు సాహెబ్ నలభై ఏళ్ల కిందట గుంటూరులో పాత సామాన్ల అంగట్లో ఏరుకొచ్చినది. మోకాళ్లు అరిగి ఆయన మంచం పట్టాక, మూడేళ్లుగా ఇంటి ముందు ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డుతో పాటు అదీ కూతురి చేతికి వచ్చింది.

"కొత్తది కొనుక్కోవే తల్లీ. ఇది నీ చెయ్యి తినేదాకా ఊరుకోదు."

"కొత్తవాటి తల లావుగా ఉంటదమ్మా. ఆదెయ్య బాబాయ్ బండిలో ఆ సందున పట్టదు. విప్పి చూస్తా ఉండు."

"నలభై ఏళ్లలో నన్నొక్కసారీ మోసం చెయ్యలేదది," అన్నాడు మాబు సాహెబ్ మంచం మీద నుంచి.

"అయితే మీ బొటనవేలి గోరు ఎవరు తిన్నారంటా?"

"అది సుత్తి పని. దీని మీదికి నెడతావేంటి!"

బండి యజమాని ఆదెయ్య అప్పటికే వచ్చి గడప మీద కూర్చున్నాడు. "మిరపకాయలు గోతాల్లో తొక్కి టిక్కీలు కట్టి పెట్టాను అర్ఫామ్మా. మధ్యాహ్నానికి గుంటూరు యార్డుకి తోలాల. కాస్త చూడమ్మా."

అర్ఫా రెండు మరలు తీసి రాచెట్టు తల మీది బిళ్ల ఎత్తింది. లోపల ఉండాల్సినవి మూడే: పళ్ల చక్రం, ఆ పళ్ల మధ్య పడే చిన్న ఇనుప నాలుక, దాన్ని వెనక నుంచి నెట్టే స్ప్రింగు. కానీ మూడూ నల్లటి పాకంలో కూరుకుపోయి ఉన్నాయి. ఆ జిగటలో నాలుక సగమే ముందుకొచ్చి, పళ్లను సరిగా పట్టకుండా ఆగిపోతోంది. అర్ఫా ఆ పాకాన్ని వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నాన్నా, ఇది ఆముదం!"

ముగ్గురూ రహిమున్నీసా వైపు చూశారు.

"తుప్పు పట్టి నీ చేతిలో విరిగిపోద్దేమోనని..." అంది ఆమె. "గురువారం గురువారం నాలుగు చుక్కలు..."

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"నువ్వు పట్టుకున్నప్పటి నుంచి."

"చంటిపిల్ల మాడుకి పెట్టినట్టు పెట్టావు గదా వదినా!" ఆదెయ్య పకపకా నవ్వాడు.

రహిమున్నీసా నవ్వలేదు. గుడ్డ చుట్టిన ఆ వేళ్ల వంకే చూస్తోంది. తను కట్టిన కట్టు, తను చేసిన గాయానికే.

"బాధపడకమ్మా. నాలుక కొస కూడా అరిగింది. స్ప్రింగు కుంగింది. నీ ఆముదం ఒక్కటే కాదులే," అంది అర్ఫా. నిజమే చెప్పిందో, తల్లి కోసం అందో రహిమున్నీసాకు తెలియలేదు.

అర్ఫా అన్నిటినీ కిరోసిన్లో కడిగింది. నాలుక కొసను సన్నటి ఆకురాయితో అంచు తేలేలా రుద్దింది. రాసే పెన్నులో స్ప్రింగు తీసి, కొలతకు కత్తిరించి కూర్చింది. కుట్టు మిషను నూనె రెండే చుక్కలు వేసి బిళ్ల బిగించి తిప్పింది. ఇన్నాళ్లూ గొణిగిన రాచెట్టు టిక్ టిక్ టిక్ మని స్పష్టంగా పలికింది.

బోల్టు మీద పెట్టబోతుంటే రహిమున్నీసా అడ్డం వచ్చింది.

"ముందు నేను తిప్పుతా."

"నీకెందుకమ్మా!"

"జారితే నా పళ్లే రాలనీ. ఆముదం పోసింది నేను."

చెంగు చేతికి చుట్టుకుని, బిస్మిల్లా అని, మొహం పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని లాగింది. పట్టింది. మళ్లీ లాగింది. పట్టింది. ఒంటి బరువంతా వేసి వేలాడింది. బోల్టు కిర్రుమంది గాని రాచెట్టు జారలేదు.

"చాలమ్మా, ఆగు!"

"ఇంకొక్కసారి."

"వదినా, పట్టిందిలే! బోల్టు తెగితే నా టిక్కీలు నువ్వు మోస్తావా గుంటూరుకి?"

అప్పుడు ఒక కన్ను తెరిచింది. పిడి కూతురికి ఇచ్చింది కానీ, ఆ మణికట్టును మాత్రం రెండు చేతులా పట్టుకుంది.

"వదులమ్మా, ఎట్టా తిప్పను?"

"తిప్పవే. నేనూ నీతోపాటే తిరుగుతా."