మల్లేశ్వరి తవుడు కుండ

రోశయ్య పొద్దున్నే వంటింట్లో అడుగుపెట్టాడంటే సాయంత్రంలోగా ఎవరో ఒకరు తల పట్టుకోవాల్సిందే. పిల్లనిచ్చిన మామగారి చెప్పుల్లో ఒకదాన్ని గడ్డివాములో దాచి, ఆ పెద్దమనిషిని ఒంటిచెప్పుతో బస్సెక్కించిన ఘనుడతను. పర్చూరు చుట్టుపక్కల అతను చెప్పే మాటని ఎవరూ ఒక్కసారికి నమ్మరు. రెండోసారి చెబితే అసలే నమ్మరు.

అలాంటి మనిషికీ ఈ మధ్య ఒక దిగులు పట్టుకుంది. పెళ్ళాం మల్లేశ్వరి నవ్వడం మానేసింది.

కార్తీకంలో కోళ్ళకి తెగులొచ్చింది. మల్లేశ్వరి పెంచుకున్న పెట్టలూ పుంజులూ మెడలు వేలాడేసి, ఒకదాని వెనక ఒకటి పోయాయి. దొడ్డి ఖాళీ అయింది. ఎలా బతికిందో గానీ ఒక్క నల్లపెట్ట మిగిలింది. అది మళ్ళీ గుడ్డు పెట్టడం మొదలుపెట్టాక మల్లేశ్వరి ప్రాణమంతా ఆ గుడ్ల మీదే. పుంజు లేకపోయినా పక్కింటి యలమందయ్య పుంజు గోడ దూకి వస్తూనే ఉంది కాబట్టి ఆ లోటు లేదు. ఒక్క పొదుగు నిలబడితే దొడ్డి మళ్ళీ నిండుతుంది. నల్లపెట్టకి ఏమన్నా అయితే ఇక అంతే.

నల్లపెట్ట సావిట్లో పోసిన పత్తి మీదెక్కి గుడ్డు పెట్టేది. మల్లేశ్వరి అది దిగేదాకా ఆగి, వెచ్చగా ఉన్న గుడ్డుని తెచ్చుకునేది. నీళ్ళు తగలనిచ్చేది కాదు, పొడిగుడ్డతో తుడిచేది. వంటింట్లో పొయ్యికి దూరంగా, చల్లటి మూలన ఒక మట్టికుండ, దాన్నిండా తవుడు. అందులో సన్నటి కొస కిందకొచ్చేలా గుడ్డుని నిలబెట్టేది. పాతవి పైవరసలో, కొత్తవి అడుగున. మరీ పాతబడింది పొదుగుకి పనికిరాదని, కొత్తది లోపలికి వెళ్ళినప్పుడల్లా పైదొకటి తీసి అట్టు పోసేది.

ఆ అట్టు మీదే రోశయ్య కన్ను పడింది.

ఆ ఏడే ఇంటికి గ్యాసుపొయ్యి వచ్చింది. పుల్లల పొయ్యి అయితే పొగ చూసి ఇల్లంతా లేచి వస్తుంది, దీనికి ఆ గొడవ లేదు. మల్లేశ్వరి గేదె పాలు తీయడానికి వెళ్ళగానే పైవరసలో రెండు గుడ్లు తీశాడు. గిన్నెలో వేసి గట్టిగా ఉడకబెట్టాడు. నీళ్ళు వంపి, ఎక్కడివక్కడ తవుడులో నిలబెట్టి, మూత పెట్టాడు. రేపు ఆవిడ పెనం మీద గుడ్డు కొట్టాక, ఎంతకీ సొన కారకపోతే, ఆ ముఖం చూడాలి. తిట్టినా సరే. తిట్టాకన్నా నవ్వుతుందని అతని ఆశ.

తలపాగా చుట్టుకుని, ఈల వేసుకుంటూ మిరప కళ్ళానికి వెళ్ళాడు.

కళ్ళంలో కాయలు తిరగేస్తుంటే ఒంటిగంటకి యలమందయ్య వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఏరా రోశయ్యా, మీ నల్లపెట్ట పొదుగుకొచ్చిందంటగా! పొద్దున్నించీ పత్తిమీంచి దిగట్లేదంట. మీ ఆడమనిషి ఇయ్యాలే గుడ్లు పెట్టిచ్చేస్తందంట."

రోశయ్య చేతిలో పార ఆగిపోయింది. "ఇయ్యాలా?"

"ఇయ్యాలే మరి. ఉన్నయ్యన్నీ పెట్టేస్తుందంట. నా పుంజు పిల్లల్రా అవి! నాకో రెండు పిల్లలన్నా ఇయ్యాల."

ఉన్నవన్నీ. అంటే ఆ రెండు కూడా.

ఉడికిన గుడ్డు పెట్ట కింద వేడికి కుళ్ళుతుంది. ఉబ్బి, ఠప్పున పగులుతుంది. ఆ కంపు సొన పక్క గుడ్లకంటితే అవీ పాడు. పెట్ట లేచి వెళ్ళిపోతుంది, మళ్ళీ దగ్గరకి రాదు.

"నువ్వు కాయలు చూసుకోరా," అని యలమందయ్య చేతిలో పార పెట్టి రోశయ్య పరిగెత్తాడు.

"ఒరేయ్, ఇదేం వేళాకోళంరా? నా కాయలు నేను చూసుకోవద్దా?"

ఇంటికొచ్చేసరికి సావిడి గుమ్మంలో ఖుర్షిదా కూర్చుని ఉంది. ఊళ్ళో ఎవరు పొదగేసినా ఆవిడని పిలుస్తారు, చెయ్యి చలవని పేరు. లోపల మల్లేశ్వరి బుట్టలో పత్తి సర్ది, ఉరుముకి గుడ్లు చెడకుండా ఒక మూల బొగ్గుముక్కా, ఇనపమేకూ, ఎండు మిరపకాయా పెడుతోంది. పక్కన చాటలో గుడ్లు.

"మల్లీ, ఆగాగు! అయ్యి పెట్టమాక!"

మల్లేశ్వరి తలెత్తి చూసింది, నోరు తెరవలేదు. పొదగేసే మనిషి గుడ్లు సర్ది, పెట్ట కూర్చునేదాకా మాట్లాడకూడదు, మాట్లాడితే పిల్లలు గుడ్డులోనే ఉండిపోతాయని వాళ్ళ పుట్టింటి పట్టింపు. వేలితో తన నోరు చూపించి, గుమ్మం చూపించింది. బయటికి పొమ్మని.

"అది కాదే! చెప్పేది ఇను!"

చాట మీదకి వంగి చెయ్యి చాచాడు. ఖుర్షిదా ఆ చేతిని ఫట్టుమని కొట్టింది.

"ఏందన్నా నువ్వు! మిరపకాయ చేతుల్తో గుడ్లు ముట్టుకుంటావా? గుడ్డుకి కూడా మంట పుట్టుద్ది!"

"ఖుర్షిదా, తల్లీ, నీకు దణ్ణం పెడతా. అందులో రెండు ఉడికిన గుడ్లున్నయ్. నేనే ఉడకబెట్టి పెట్టా. ఎగతాళికి."

ఖుర్షిదా ముక్కు మీద వేలేసుకుంది. "ఉడకబెట్టినోడివి తినక కుండలో పెట్టావా? ఎవరికి చెప్తావన్నా ఈ కత? మొన్న నా మేక తప్పిపోయిందని ఊరంతా తిప్పిచ్చావ్. అది మా పెరట్లోనే ఉంది."

"ఇది అట్టాంటిది కాదు! నా మీదొట్టు!"

"నీ మీద ఒట్టు చెల్లదులే. ఎన్ని వేశావో!"

మల్లేశ్వరి ఇదంతా విననట్టే ఒక్కో గుడ్డూ తీసి పత్తిలో సర్దుతోంది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది పచ్చిదో, ఏది ఉడికిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

"తిప్పి చూస్తే తెలిసిపోద్ది! ఉడికింది గిర్రున తిరుగుద్ది. ఒక్కసారి చాటలో తిప్పి..."

"పొదగేసే గుడ్డుని బొంగరం ఆడతావా? లోపల సొన కలిసిపోదూ? నిన్ను పట్టుకుని తిప్పాల!" అంది ఖుర్షిదా.

అతను గుమ్మంలో చతికిలబడ్డాడు.

"మల్లీ, నేను చెప్పే ఇంకే మాటా నమ్మమాక. బతికినన్నాళ్ళూ నమ్మమాక. ఇదొక్కటి నమ్మవే. నీ కోళ్ళు పోయినకాడ్నించి నువ్వు నవ్వట్లేదని చేశా. దొడ్డి నిండాలని నాకు మాత్రం లేదా?"

ఖుర్షిదా చటుక్కున ముఖం అటు తిప్పుకుంది.

మల్లేశ్వరి చివరి గుడ్డు సర్దింది. నల్లపెట్టని రెండు చేతులా ఎత్తి బుట్టలో దించింది. అది కసిరింది, ఈకలు విదిల్చింది, కాలితో గుడ్లని అటూ ఇటూ జరుపుకుంది, రెక్కలు విచ్చి మెల్లగా ఒదిగిపోయింది. మల్లేశ్వరి దాని ముందు గుప్పెడు నూకలు చల్లి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

అప్పుడు నోరు తెరిచింది.

"పొద్దున పాలు పిండుకొచ్చి కుండలో చెయ్యి పెడితే తవుడు కాలిపోతందయ్యా! కుండకి జొరం ఎట్టా వచ్చిందా అని చూద్దును గదా, పైన రెండు గుడ్లు పొగలు గక్కతన్నయ్. పెట్టిన గుడ్డు ఎచ్చగా ఉంటదని తెలుసు గానీ, ఉడకబెట్టి పెట్టే కోడి ఇంట్లో తిరగతందని నాకేం తెలుసు?"

ఖుర్షిదా ఇక ఆగలేకపోయింది. పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతూ గోడకి జారగిలబడింది. పొద్దున్నే మల్లేశ్వరి చెప్పగా అన్నీ విని, గుమ్మంలో కాపలా కూర్చుంది ఆవిడ.

రోశయ్యకి గుండెల మీదున్న మిరప బస్తా ఎవరో దించినట్టయింది.

"అయితే బుట్టలో అన్నీ..."

"పచ్చియ్యే. ఆ రెండూ ఎంటనే లాగేశా. ఖుర్షిదా పిల్లలు ఉప్పూ కారం అద్దుకుని తినేశారు."

"కింద వాటికి ఏడి తగల్లేదు గదా? నిజం చెప్పు."

"తగల్లేదయ్యా. ఒక్కోటీ చెంపకి ఆనిచ్చుకుని చూశా. చల్లంగానే ఉన్నయ్."

"మరి నేనింత మొత్తుకుంటుంటే సైగ అన్నా చెయ్యకూడదటే?"

"మాట్టాడకూడదు గదా!" అంది మల్లేశ్వరి. అనడమే తడవు నవ్వొచ్చేసింది. నడుం పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ అతని ముఖం చూసి మళ్ళీ నవ్వింది. "మేకులాగా బిగుసుకుపోయావయ్యో! నీ మొకం చూసి నాకు లోపలే నవ్వు ఆగలా. పెదిమ కొరుక్కున్నా, చూడు!"

కింది పెదవి మీద నిజంగానే పంటిగాటు ఉంది.

రోశయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకోబోయాడు. దాన్నిండా మిరప ఘాటు. కళ్ళు భగ్గుమన్నాయి. "అబ్బా!" అంటూ బావి దగ్గరకి పరిగెత్తాడు. వెనక ఆడవాళ్ళిద్దరి నవ్వూ ఇంకా పెద్దదైంది. కళ్ళ మంటలోనే అతనూ నవ్వుకుంటూ, చేద బావిలోకి వదిలాడు.