జీపీఓ చౌరస్తాలో ఆగిన జిప్సీ

బెత్సీ అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: ఒళ్ళో బిడ్డ ఉండగా, నాలుగు దిక్కుల నుంచీ బస్సులు వచ్చే చోట బండి ఆగిపోవడం. ఆమె చీకటికి భయపడదు. దవాఖానలో సూదికి భయపడదు. అత్తమ్మ కేథరిన్ మాటలకైతే అసలే భయపడదు. ఈ ఒక్క భయం కూడా ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. క్రిస్మస్ బట్టలు కొనుక్కొని ఆబిడ్స్ నుంచి వస్తుంటే, పెద్ద పోస్టాఫీసు ముందున్న జీపీఓ చౌరస్తా నట్టనడుమ, ఆమె భర్త ఎర్నెస్ట్ ముచ్చటపడి కొన్న పాత జిప్సీ జీపు రెండుసార్లు దగ్గి, వణికి, చల్లబడిపోయింది. వెనకనున్న డబుల్ డెక్కర్ బస్సువాడు హారను మీది చెయ్యి తీయలేదు. ఎర్నెస్ట్ దిగి తోస్తుంటే, బెత్సీ బిడ్డను గుండెకు అదుముకొని, తనకు వచ్చిన ప్రార్థనలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపేసి చదివింది. ఎనిమిది నెలల స్టెఫీ మాత్రం హారను మోగిన ప్రతిసారీ కేరింతలు కొట్టింది.

ఆ జిప్సీ మిలిటరీ వాళ్ళు వాడి వాడి వేలం వేసింది. ఎర్నెస్ట్ ఆబిడ్స్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పొద్దంతా అరచేతిలో ఇమిడే అద్దం ముందు వంగి కూర్చునే మనిషికి, కొండలెక్కే బండి మీద మనసెందుకు పోయిందో బెత్సీకి మొదట్లో అంతుపట్టలేదు. బండి ఇంటికొచ్చిన రోజున అతను టైర్లకు సబ్బు రాసి కడుగుతూ ఈల వేశాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నోట ఈల వినడం ఆమెకు అదే మొదలు. అప్పుడు కొంత అర్థమైంది.

కానీ బండికి ఒక జబ్బుంది. ఖాళీ రోడ్డు మీద గుర్రంలా పోతుంది. సిగ్నలు దగ్గర నెమ్మదించిందా, ఇంజను ఎగశ్వాస దిగశ్వాస తీసి ఆరిపోతుంది. పొగ పరీక్ష చేసే వ్యానువాళ్ళు కూడా దాని గొట్టంలో కడ్డీ పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి పంపేశారు.

ఆ వచ్చే ఆదివారం మెదక్ చర్చిలో స్టెఫీకి బాప్తిస్మం. బెత్సీ వాళ్ళ వైపు చుట్టాలంతా అక్కడే ఉన్నారు. బిడ్డను సొంత బండిలో చర్చి మెట్ల దాకా తీసుకుపోవాలని ఎర్నెస్ట్ ఆశ. బెత్సీ ఒకటే మాట చెప్పింది. శనివారం పొద్దుగూకేలోపు బాగుకాకపోతే బండిని తుక్కువాడికి ఇచ్చేద్దామనీ, ముగ్గురూ బస్సులో పోదామనీ. అతను ఔ అని తలూపాడు. ఆ రోజు నుంచి ఈల కూడా ఆగిపోయింది. ఆ మాట ఎందుకన్నానా అని బెత్సీ లోలోపల కుమిలింది గానీ, వెనక్కి తీసుకుందామంటే చౌరస్తా గుర్తొచ్చేది.

శనివారం మధ్యాహ్నం దుకాణంలో సెలవు చెప్పి ఎర్నెస్ట్ బండిని నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న మెకానిక్ భూమయ్య షెడ్డుకు తీసుకొచ్చాడు. బెత్సీ కూడా బిడ్డనెత్తుకొని వెంట వచ్చింది, తన చెవులతో తాను విందామని. ఎర్నెస్ట్‌నడిగితే బండి ఎప్పుడూ బాగానే ఉందంటాడు మరి.

భూమయ్య ఆమెకు నూనె డబ్బా మీద గోనెసంచి పరిచి కూర్చోమన్నాడు. కార్బురేటరు విప్పి కడిగాననీ, ప్లగ్గులు మార్చాననీ, అయినా దీని రోగం పోలేదనీ చెప్పుకొచ్చాడు. ఇంజను మీద అటూ ఇటూ పాకిన సన్నటి రబ్బరు గొట్టాలు చూపించాడు.

"ఇగ మిగిలినయి గీ వాక్యూమ్ పైపులే, బిడ్డా. ఇంజను గాలి గుంజే తొవ్వలు. ఏడనన్న జర చీలి ఉత్తగాలి లోపలికి పోయిందనుకో, పెట్రోలు పలుచనైతది. స్లోల నిలవడదు. పొగను మళ్ళా లోపలికి మర్లేసే వాల్వు కూడ గీ గుంజుడు మీదనే నడుస్తది. గందుకే పొల్యూషనోళ్ళు ఫెయిలంటున్రు."

చూసే పద్ధతి కూడా చెప్పాడు. ఇంజను నడుస్తుండగా ఒక్కో గొట్టాన్ని గుడ్డ చుట్టిన పట్టకారుతో నొక్కుతూ పోవాలి. ఎక్కడ నొక్కితే ఇంజను కుదురుకుంటుందో అక్కడే చిల్లు.

ఎర్నెస్ట్ చేతిలో లావుపాటి పుస్తకం ఉంది. బండి కొన్న కొత్తలో ఒక ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అందులో గొట్టాలన్నీ గీసి, బాణాలు వేసి ఉన్నాయి. బెత్సీ చదువు తొమ్మిదో తరగతిలో అమ్మ మంచం పట్టినప్పుడే ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కోగలదు గానీ, ఆ బొమ్మ మాత్రం ఆమెకు చిక్కుపడ్డ బేగంబజారు సందుల్లాగా కనబడింది.

భూమయ్య ఒక గొట్టం నొక్కాడు. ఇంజను అలాగే రొప్పుతోంది. ఇంకొకటి నొక్కాడు. అదే రొప్పు. ఎర్నెస్ట్ పుస్తకం చూసి పేరు చెప్పడం, భూమయ్య నొక్కడం, ఇద్దరూ చెవులు రిక్కించడం. అన్ని గొట్టాలూ అయిపోయాయి. పొగ వాల్వు గొట్టం ఊడదీసి నోటితో పీల్చి కూడా చూశాడు భూమయ్య. అదీ మంచిగానే ఉంది. చేతులు తుడుచుకుంటూ ఆయన, ఇక తన వల్ల కాదన్నట్టు మిలిటరీ వాళ్ళను నాలుగు తిట్లు తిట్టాడు.

ఇంజను అలా రొప్పుతుండగానే ఎర్నెస్ట్ పుస్తకం మూసేశాడు. బండి లోపలికి వంగి, అద్దానికి వేలాడుతున్న చిన్న చెక్క సిలువ దారాన్ని విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా పడింది. అతను తొందరపడలేదు. బెత్సీ ఆ వేళ్ళను చూడలేక తల తిప్పుకొని ఒళ్ళో బిడ్డ వైపు చూసింది.

అప్పుడు వినబడింది. ఖాళీ సీసాను బిడ్డ చప్పరిస్తున్న చప్పుడు. స్స్, స్స్ అని సన్నగా, పాలు లేకుండా ఒట్టి గాలి పోయే చప్పుడు. అలవాటు కొద్దీ సీసా లాగేద్దామని చెయ్యి చాపింది. సీసా సంచిలో ఉంది. స్టెఫీ నోరు తెరుచుకొని నిద్రపోతోంది.

బెత్సీ బిడ్డను భుజాన వేసుకొని లేచి ఇంజను దగ్గరికి వచ్చింది. ఫ్యానుంది, కొంగు జాగ్రత్త అని భూమయ్య కేకేశాడు. ఆమె కొంగు దోపుకొని చెవి ఒగ్గింది. చప్పుడు ఇంజను పక్క భాగంలో, ఒక పొట్టి ముక్కులాంటి దాని మీద, తీగతో చుట్టి కట్టిన నల్లటి రబ్బరు మూత నుంచి వస్తోంది. కొంగుతో దాని మీది జిడ్డు తుడిచింది. నలుపు కింద గోధుమరంగు రబ్బరు. కొనమీద, కొంచెం పక్కకు జరిగిన పెద్ద చిల్లు. స్టెఫీ పాలు నెమ్మదిగా వస్తున్నాయని ఏడుస్తుంటే, సూదిని పొయ్యిమీద ఎర్రగా కాల్చి తనే పొడిచిన చిల్లు. ఎలుక ఎత్తుకుపోయిందనుకొని ఇల్లంతా వెతికిన పాలసీసా పీక.

చిల్లు మీద వేలు పెట్టింది. ఇంజను ఒక్కసారి గుటక వేసి, కుట్టుమిషనులాగా ఒకే తీరున నడవడం మొదలుపెట్టింది. వేలు తీసింది. మళ్ళీ రొప్పు. పెట్టింది. కుట్టుమిషను.

ఎర్నెస్ట్ సిలువ దారం వదిలేసి బయటికొచ్చాడు. ఆమె వేలిని చూశాడు, భూమయ్యను చూశాడు, నేలను చూశాడు.

"స్టెఫీ డాడీ," అంది బెత్సీ, "ఇదేంది?"

పుస్తకంలో ఆ ముక్కుకు రబ్బరు మూత ఉండాలని రాసి ఉందనీ, బండి కొన్నప్పుడు మూత లేదనీ, సరిగ్గా సరిపోయేది ఇంట్లో అదొక్కటే దొరికిందనీ అతను నసిగాడు. చిల్లు సంగతి అడిగితే, పాలు రావాలంటే దానికి చిల్లుంటుందని ఆ క్షణాన తట్టలేదన్నాడు. వెంట్రుకంత గీత ఉన్నా అద్దాన్ని పక్కన పెట్టేసే మనిషి.

భూమయ్య ఆ మూతను కంపెనీదే అనుకొని ఇన్ని రోజులూ ముట్టుకోలేదు. ఆయన నూనె డబ్బా మీద కూలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గాడు.

"మీ బండి పాలు తాగుతదని ముందుగాలనే చెప్పకపోయినవా, సారూ. గా కార్బురేటరు ఎన్నిసార్లు ఇప్పితిని."

"నన్నడిగినా చెప్తుంటి కాకా," అంది బెత్సీ. "ఇంట్ల ఇద్దరు పసిపిల్లలు ఉన్నరని." అనేసి ఆమె కూడా నవ్వింది. నవ్వుకు స్టెఫీ లేచి, ఎందుకో తెలియకపోయినా, వాళ్ళతో కలిసింది.

భూమయ్య గట్టి రబ్బరు ముక్క కోసి, ఒక చివర మరమేకు బిగించి మూసి, ఆ ముక్కుకు తొడిగి క్లిప్పు వేశాడు. పీకను గుడ్డతో తుడిచి ఎంతో మర్యాదగా బెత్సీ చేతిలో పెట్టాడు. లక్డీకాపూల్ దగ్గర నిలిపిన పొగ పరీక్ష వ్యానువాడు ఈసారి కడ్డీ తీసి, పాసైందని చీటీ చింపి ఇచ్చాడు.

ఇక ఇంటికే పోవాలి. కానీ బెత్సీ జీపీఓ మీదుగా పొమ్మంది. చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి పచ్చలైటు ఉంది. ఎర్నెస్ట్ దాటేద్దామని వేగం పెంచబోయాడు.

"నెమ్మదిగ పో," అంది. "ఎర్రలైటు పడనీ."

పడింది. ముందు ఆటో, వెనక బస్సు, పక్కన స్కూటర్లు. బెత్సీ ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో సీటు అంచును పట్టుకొని, ఊపిరి బిగబట్టి ఇంజను చప్పుడు విన్నది. కుట్టుమిషను తన కుట్టు తాను వేసుకుంటూనే ఉంది. లైటు మారింది, బండి కదిలింది. చుట్టూ తిరిగి మళ్ళీ ఒకసారి వద్దామంది. ఆ రెండోసారి ఎర్రలైటు దగ్గర ఎర్నెస్ట్ ఈల మొదలుపెట్టాడు. బెత్సీ సీటు వదిలేసింది.

ఆదివారం తెల్లవారి ముగ్గురూ బయలుదేరారు. స్టెఫీకి తెల్లగౌను, తలకు తెల్ల టోపీ. మీరు ఈ మాట చదివే వేళకు వాళ్ళు నర్సాపూర్ అడవి దాటుతూ ఉంటారు. మీలో ఎవరైనా ఆ దారిన పోతూ చెట్ల నీడన ఆకుపచ్చ జిప్సీ ఒకటి నిలిచి ఉండడం చూస్తే, బిడ్డకు పాలు పట్టడానికే ఆపి ఉంటారు, ఫికర్ పడాల్సిందేమీ లేదు. అయినా ఒక్క నిమిషం దిగి, బెత్సీ ఎలా ఉందో చూసి పొండి. బాగున్నానంటుంది. ఇంకోసారి అడగండి, బండి నెమ్మదించినప్పుడల్లా ఇంకా చెవి ఒగ్గి వింటూనే ఉన్నానని అప్పుడు ఒప్పుకుంటుంది.