దుర్గారావు టీలో తీపి

గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోటు మీద పొద్దున్న టీ కాచేది గవర్రాజు. అందరికీ రెండేసి చెంచాల పంచదార, దుర్గారావుకి మాత్రం మూడు. దుర్గారావు మొదటి గుక్క కాసేపు నాలిక మీద ఉంచుకుని, మింగి, అప్పుడు పనిలోకి దిగేవాడు.

అతని కూతురు ఆశకి తొమ్మిదేళ్లు. విశాఖలో, సముద్రం ఒడ్డున, నాయనమ్మ కాసులమ్మ దగ్గర ఉంటుంది. తల్లి మధులతకి పరవాడ కంపెనీలో పొద్దున్న షిఫ్టు. రెండేళ్ల కిందట పిల్లకి షుగరని తేలింది, రోజూ ఇన్సులిన్ వెయ్యాలి. అప్పటినుంచీ ఆశ ఒంట్లో షుగర్ డెబ్భైకి దిగువన పడితే, ఇక్కడ దుర్గారావు గ్లాసులో తీపి పోతుంది. గాలి మారిన సంగతిలాగే దాన్నీ బోటులో మామూలుగా చెప్పుకుంటారు.

ఆ రోజు బోటు వేటకి బయలుదేరుతోంది. పదిహేను రోజులు ఫోను అందదు. తాళ్లు విప్పుతుండగా దుర్గారావు గుక్క తాగి ఆగిపోయాడు.

"మళ్లీ సప్పబడిపోయిందేటి బావా?" అన్నాడు గవర్రాజు.

"ఉడుకునీళ్లలాగుంది."

గవర్రాజు విప్పిన తాడు మళ్లీ చుట్టేశాడు. "ముందు ఫోన్ సెయ్యి బావా. సేపలెక్కడికీ పోవు."

అదే పొద్దున విశాఖ ఒడ్డున దుర్గారావు తమ్ముడు వీరన్న కొత్త బోటుకి పూజ. కొత్త బోటు మొదటిసారి కెరటాలు దాటేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ఎనిమిదికల్లా దాటేస్తుందనుకుని, ఇంజక్షన్ ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వని కాసులమ్మ, ఏడున్నరకే పిల్లకి వేసేసింది. తీరా ఇంజను స్టార్ట్ కాలేదు. తొమ్మిదైంది. నాయనమ్మ తిననిదే తను తిననని ఆశ కూడా ఇసుకలో కూర్చుంది.

"అమ్మా, ఆశేటి సేత్తంది?" అన్నాడు దుర్గారావు ఫోనులో.

"నా పక్కనే ఉందిరా. ఎండకి సెమట్లు కారిపోతన్నాయి."

"ఎండ కాదే అమ్మా. సేతులు వణుకుతన్నాయేటో సూడు. మాటాడించు."

"ఏమే ఆశా?"

"నిద్రొత్తంది నాయనమ్మా," అంది పిల్ల మెల్లిగా.

"షుగర్ పడిపోతంది! గ్లూకోజేదీ?"

"కొత్త కోక కట్టుకుని సంచి ఇంటికాడ ఇడిసొచ్చేనురా నాయనా!"

వీరన్న సంచి కోసం ఇంటికి పరిగెత్తాడు. కాసులమ్మ ఎదురుగా గంగమ్మకి పెట్టిన చెంబు నిండా బెల్లం పానకం ఉంది. నైవేద్యం ఇంకా కాలేదు. ఆమె చెయ్యి చెంబు దాకా వెళ్లి ఆగింది.

"ఓలమ్మో, షుగరున్న పిల్లకి బెల్లమేటొదినా! సంపేత్తావా?" అంది పక్కింటి నూకాలు.

"ఆ షుగర్ పడిపోయిందే, ఇప్పుడు తీపే మందు," ఫోనులోంచి అరిచాడు దుర్గారావు. "అమ్మా, గంగమ్మకి నాను సెప్పుకుంటాను, తాగించు. పడుకోబెట్టి పొయ్యకు, కూసోబెట్టు. మింగతందా?"

"నువ్వెక్కడో ఉండి సెప్పేదేటి, నానే సెప్పుకుంటాను," అంది కాసులమ్మ. సముద్రం వైపు తిరిగి, "తల్లీ, ముందు పిల్లకి," అని చెంబు ఎత్తింది.

"మింగతందిరా."

అతను ఫోను కట్ చెయ్యలేదు. నిమిషానికో చిన్న గుక్క తాగాడు. చప్పగా. ఇంకా చప్పగానే. గవర్రాజు గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాడు. పావుగంట గడిచాక, గ్లాసు అడుగున చల్లారిన గుక్కలో తీపి తగిలింది. అక్కడ వీరన్న తెచ్చిన సంచిలోని షుగర్ మీటరు తొంభై రెండు చూపించింది.

దుర్గారావు తాళ్లకట్ట మీద కూలబడి, అరచేతుల్తో మొహం తుడుచుకున్నాడు.

వీరన్న బోటు ఇంకా కెరటాలు దాటలేదు. కాసులమ్మ ఇంటినుంచి అన్నం తెప్పించి, అందరి ముందూ పిల్లకి ముద్ద కలిపి పెట్టింది. ఆ ఒడ్డున ఏ బోటు పూజైనా అప్పటినుంచీ ముందు ఆశ తింటుంది, తరవాతే కొబ్బరికాయ.

"నాన్నా, టీ బాగుందా?" అంది ఆశ, నోటినిండా అన్నంతో.

"బాగుందే తల్లీ."

"అయితే తాడు ఇప్పేద్దామా బావా?" అన్నాడు గవర్రాజు.

"ఆగు. ఇంకో గ్లాసు పొయ్యి."

అదీ తియ్యగానే ఉంది. అప్పుడు తనే లేచి వెళ్లి తాడు విప్పాడు.