కదలని అక్క

టైర్ల షాపు మీద ఉన్న హాల్లో అక్క యోగా క్లాసు నడిపేది. కింద గాలి మిషను దడదడలాడుతుంటే పైన పాతికమంది కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమె చెప్పేది ఒకటే. "ఇక్కడ మహిమలు దొరకవు. నడుము నొప్పి తగ్గుతుంది, ఒళ్ళు తేలికవుతుంది. అంతకుమించి కావాలంటే వేరే చోటు చూసుకోండి." మోకాలు ఎటు తిరగాలో, మెడ ఎంతవరకు వంగాలో తనకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో పెద్దగా అబద్ధం కూడా లేదు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు తాను నేర్చుకున్న చోట, ధ్యానంలో కూర్చోగానే ఒక్కొక్కరి ఒళ్ళు ఊగేది. కొందరు ఏడ్చేవారు, కొందరి చేతులు గాలిలోకి లేచేవి. గురువుగారు వచ్చి ఒక్కొక్కరి నడినెత్తి మీద చెయ్యి పెట్టేవారు. ఆమెలో మాత్రం ఏనాడూ ఒక్క వేలు కదల్లేదు. "నువ్వు దుంగవమ్మా" అన్నారాయన ఒకరోజు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇన్నేళ్ళయినా ఆమెకు అరగలేదు.

చెల్లెలు కళ్ళద్దాల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగించే పని చేసేది. అమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పటినుంచి చూసుకున్నది ఆమే. పెళ్ళి మాట ఎవరెత్తినా "మరి అమ్మో?" అని ఊరుకునేది. కిందటేడు అమ్మ పోయాక అక్క పట్టుబట్టి తన ఇంటికి తెచ్చుకుంది. వచ్చిందన్న మాటే గానీ ఆ పిల్లకు నిద్ర లేదు. కళ్ళ కింద నల్లగా, నడుస్తున్న మనిషిలా కాక ఎవరో నడిపిస్తున్న మనిషిలా ఉండేది. అది చూడలేక అక్క ఆమెను క్లాసుకు లాక్కెళ్ళింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒక ఉదయం అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు చెల్లెలి భుజాలు అదరడం మొదలైంది. తరవాత నడుము సుడి తిరిగినట్టు ఊగింది. ఒళ్ళో ఉన్న చేతులు మెల్లగా పైకి లేచాయి, వేళ్ళు ముడుచుకుని విచ్చుకున్నాయి, ఊపిరి కొలిమితిత్తిలా ఆడింది. ఫిట్సేమోనని అక్క పరుగున వెళ్ళి చూస్తే చెల్లెలి మొహం ప్రశాంతంగా ఉంది. కాసేపటికి అంతా దానంతటదే ఆగిపోయింది. చెల్లెలు కళ్ళు తెరిచి, చుట్టూ మూగినవాళ్ళను చూసి బిత్తరపోయింది.

"వెన్నులోంచి వేడిగా ఏదో పాకిందక్కా. చేతులు వాటంతటవే లేచాయి. ఆపుదామనుకుంటే ఆపొచ్చు గానీ, ఆపాలనిపించలేదు" అంది.

క్లాసులో రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన ఉండేవాడు. అన్నీ చదివినవాడు. ఆయన గొంతు తగ్గించి, "శక్తి మేలుకుందమ్మా. ఎన్ని జన్మల సాధనో" అన్నాడు.

"గ్యాసు కూడా అలాగే పాకుతుందండీ" అంది అక్క. ఎవరూ నవ్వలేదు.

అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చేయించింది. నరాల్లో, మెదడులో ఏ లోపమూ లేదని ఆయన తేల్చేశాడు. ఒత్తిడిలో ఉన్న కొందరికి ఒళ్ళు వదులు చేసుకోగానే ఇలా జరుగుతుందనీ, మంచి తిండి, విశ్రాంతి ఇస్తే చాలనీ చెప్పాడు. జబ్బు కాదని తేలగానే అక్కకు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. జబ్బు కాకపోతే ఇంకేమిటి?

ఆ తరవాత క్లాసులో రోజూ ఇదే తంతు. చాపలు మెల్లమెల్లగా చెల్లెలి వైపు జరిగాయి. అక్క ముందు నిలబడి పాఠం చెబుతుంటే కళ్ళన్నీ వెనక మూలకే. మేనేజరు చెల్లెల్ని "తల్లీ" అని పిలవసాగాడు. ఒకరోజు వంగి కాళ్ళకు దండం కూడా పెట్టాడు. ఆ వీధిలోనే బ్యూటీ పార్లరు నడుపుతూ క్లాసుకు వచ్చే ఆవిడ ఒకతె, "మీ చెయ్యి ఒక్కసారి నా నెత్తిన పెట్టరూ" అని బతిమాలింది. ఇన్నేళ్ళు మోకాళ్ళరిగేలా నేర్పిన తాను ఎవరు? అద్దాలు బిగించుకునే ఈ పిల్ల ఎవరు? అక్కకు కడుపు మండిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో చెల్లెల్ని కడిగేసింది. "షాపులో వణకని చేతులు నా క్లాసులోనే ఎందుకు వణుకుతాయే?"

"నాకేం తెలుసక్కా."

"నటనలు నా దగ్గర కాదు. చిన్నప్పుడూ అంతే. నాకు స్కూల్లో కప్పు వచ్చిన రోజే నీకు కడుపునొప్పి వచ్చింది. ఇంట్లో నా కప్పు చూసిన నాథుడు లేడు."

"ఆ రోజు అపెండిక్స్ తీశారు కదే నాకు."

పక్క గదిలో ఉన్న అక్క భర్త కిసుక్కున నవ్వాడు. దాంతో అక్క చేతిలో గిన్నె సింకులోకి విసురుగా పడింది. చెల్లెలు తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు అక్క మొహం ముడుచుకునే క్లాసులోకి వచ్చింది. కళ్ళు మూసుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడింది. చెల్లెలు ఊగుతోంది. ఆమె పక్కనే పార్లరావిడ కూడా ఊగడం మొదలుపెట్టింది. అది దానంతటది వస్తున్న ఊపు కాదు, తెచ్చిపెట్టుకుంటున్న ఊపు. అక్కకు చూడగానే తెలిసింది. మెడ అలా వెనక్కి విసిరితే పట్టేస్తుందని కూడా తెలుసు. వెళ్ళి ఆపాల్సింది. కానీ, ఊగనీ, అందరూ ఊగనీ, నాదేం పోయింది అని పళ్ళు బిగించుకుని కిటికీ బయటికి చూస్తూ నిలబడింది. ఇంతలో వెనక కెవ్వుమన్న కేక వినిపించింది.

పార్లరావిడ మెడ పట్టేసింది. అటూ ఇటూ తిప్పలేక ఏడుస్తూ కూర్చుంటే, ఆసుపత్రికి తీసుకెళ్ళి మెడకు పట్టీ వేయించారు.

ఆ మరుసటి ఉదయం ఆవిడ భర్త హాల్లోకి దూసుకొచ్చాడు. క్లాసు వాళ్ళంతా అక్కడే ఉన్నారు. "ఎవరండీ ఆ ఊగే మహాతల్లి? పూనకాలు నటించి జనాన్ని పిచ్చోళ్ళని చేస్తోందా?" అన్నాడు.

చెల్లెలు చుట్టిన చాప పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. మేనేజరు గొంతు సవరించుకుని, "నాకు మొదటినుంచీ అనుమానమేనండీ. నటనే. మనం అమాయకులం, నమ్మాం" అన్నాడు.

నిన్నగాక మొన్న తన నోటినుంచి వచ్చిన మాటే అది. అదే మాట ఆ మనిషి నోట వినేసరికి అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మొన్న వంగి దాని కాళ్ళకి దండం పెట్టారే, అప్పుడు అనుమానం ఎక్కడికి పోయింది?" అంది. "అది మిమ్మల్ని పెట్టమందా? శక్తి అన్నారు, జన్మలన్నారు, తల్లీ అన్నారు. అది ఒక్కమాట కూడా అనలేదు. ఏమైందని అడిగితే తెలీదంది. మీ చాప తీసుకుని వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

మేనేజరు మొహం మాడిపోయింది. అక్క పార్లరావిడ భర్త వైపు తిరిగింది. "మీ ఆవిడకి దెబ్బ తగిలింది నా క్లాసులో. మెడ అలా విసరకూడదని నాకు తెలుసు. చూస్తూ కూడా ఆపలేదు. అది నా తప్పు. నన్ను తిట్టండి, పడతాను. దాని జోలికి రావద్దు."

అతను తిట్టాల్సినవన్నీ తిట్టి, ఇంక ఏం తిట్టాలో తోచక వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే చెప్పులేసుకుని మెట్లు దిగారు. హాల్లో అక్కాచెల్లెళ్ళే మిగిలారు. చెల్లెలు వచ్చి తన చెయ్యి పట్టుకుంటుందని అక్క అనుకుంది.

చెల్లెలు చాపను నేలకేసి కొట్టింది.

"నా తరఫున నువ్వేం మాట్లాడక్కర్లేదు. నువ్వన్నదే గదా వాళ్ళూ అన్నారు."

"నేను ఇంట్లో అన్నాను. నీ అక్కని కాబట్టి అన్నాను."

"అమ్మని చూసుకున్నన్నాళ్ళూ ఎక్కడుంది ఈ అక్క? అమ్మ నా చెయ్యి మీద తల పెట్టి పడుకునేది. చెయ్యి మొద్దుబారిపోయినా కదిలేదాన్ని కాదు, కదిలితే లేస్తుందని. మూలుగు వినపడితే లేచి పక్కకి తిప్పేదాన్ని. నువ్వు ఆదివారం పళ్ళు పట్టుకుని వచ్చి, మంచం పక్కన నిలబడి, నా నడుము వంకరపోయిందని చెప్పి వెళ్ళేదానివి."

"పిలిస్తే రాకపోదునా? ఒక్కసారైనా పిలిచావా నన్ను?"

"పిలవాలా?"

కింద గాలి మిషను ఆగింది.

"ఇన్నేళ్ళు కదలకుండా పడున్న ఒళ్ళు ఇది" అంది చెల్లెలు. "ఇప్పుడు దాని ఇష్టమొచ్చినట్టు కదులుతోంది. శక్తో, కరెంటో, నీ గ్యాసో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. అది కదిలిన రోజు నాకు నిద్ర పడుతోంది. నన్ను ఎవరూ మొక్కొద్దు, ఎవరూ తిట్టొద్దు. ముందు నువ్వు."

అక్క క్షమించమని అడగలేదు. అడగడం ఆమెకు రాదు. ఇంటికి వెళ్ళి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమింది. కోపం ఇంకా ఒంట్లోనే ఉంది గానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. మేనేజరు మీద పెట్టి చూసింది, సరిపోలేదు. దుంగ అన్న గురువుగారి మీద పెట్టింది. చివరికి ఆదివారాల పళ్ళ సంచి దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి అది ఎటూ కదల్లేదు.

క్లాసు సగానికి పడిపోయింది. మేనేజరు వేరే చోట చేరాడని తెలిసింది. పార్లరావిడ మాత్రం పట్టీ తీసేశాక తిరిగొచ్చింది. "బుద్ధొచ్చింది మేడమ్, మెడ జోలికి పోను" అని ముందు వరసలో కూర్చుంది. చెల్లెలు హాలుకు రావడం మానేసింది. షాపునుంచి రాగానే తన గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. ఇద్దరి మధ్యా మాటలు కూర, చారు, తాళంచెవి దగ్గరే ఆగిపోయేవి.

ఒక సాయంత్రం అక్క రెండు బొంతలు చంకన పెట్టుకుని ఆ తలుపు తోసింది.

"ఒంటరిగా కూర్చోకు. వెనక్కి పడితే తల మంచం కోడుకి తగులుతుంది. ఇవి పరుస్తాను. నేనూ ఇక్కడే ఉంటాను. నోరెత్తను."

"నువ్వా?"

"ఎత్తనన్నాను కదా."

చెల్లెలు సరే అన్నట్టు కళ్ళు మూసుకుంది. అక్క పక్కన కూర్చుంది. అప్పటిదాకా ఆమె ఆ ఊపును చూసిందేగానీ పరిశీలించలేదు. ముందు పొట్ట దగ్గర చిన్న అదురు, అది భుజాలకు ఎక్కడం, చేతులు లేవడం. ఆ చేతులు మంచం మీది మనిషిని పక్కకు తిప్పుతున్నట్టు అనిపించింది అక్కకు. మర్నాడు చూస్తే అలాంటిదేమీ లేదు, ఉత్తి ఊగడమే. ఆ తరవాత ఆమె అర్థాలు వెతకడం మానేసింది. చెల్లెలు మరీ వెనక్కి వాలినప్పుడు వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టేది, అంతే. అరచేతికి తగిలే ఆ అదురు ఎవరూ నటించగలిగేది కాదు.

తానూ కళ్ళు మూసుకుని చూసింది. కాలు తిమ్మిరెక్కింది తప్ప ఏమీ కాలేదు.

"ఎలా ఉంటుందే అది?" అని అడిగింది ఒకరోజు, చెల్లెలు కళ్ళు తెరిచాక.

చెల్లెలు ఆలోచించింది. "బరువైన సంచి ఎవరో చేతిలోంచి తీసుకున్నట్టు."

అక్క బొంత అంచు సర్దింది. "నాకు కుళ్ళుగా ఉంది" అంది. ఆ మాట కూడా కోపంగానే అంది.

"తెలుసు" అంది చెల్లెలు. "కాస్త పక్కకి జరుగు. మళ్ళీ మొదలైతే మోచెయ్యి తగులుతుంది."

అక్క సణుక్కుంటూ జరిగింది, మరీ దూరం కాదు, చెయ్యి అందేంత.