పగిలిన గుండిగ

చేజు దీవిలోని ఆ ఊరి బడిని కట్టింది సర్కారు కాదు, ఆడవాళ్ళు. పాత బడి గొడవల్లో కాలిపోయింది. మగవాళ్ళు కూర్చుని ఆలోచించారు. వాళ్ళు ఆలోచిస్తుండగానే ఆడవాళ్ళు ఒడ్డు పక్కన మంచి రాతినేల ఉన్న కొంత సముద్రాన్ని వేరు చేసి, దానికి బడి సముద్రమని పేరు పెట్టారు. ఏటా వసంతంలో అందులో మునిగి సముద్రపు నాచు కోసి అమ్మారు. గోడలు లేచాయి, కప్పు పడింది, మాస్టారు వచ్చాడు. మగవాళ్ళు ఆలోచన ముగించి, బాగుందన్నారు.

కట్టినవాళ్ళే నియమమూ పెట్టారు. ఏ ఇంటి మనిషి బడి సముద్రంలో దిగుతుందో ఆ ఇంటి పిల్లలు బడిలో కూర్చోవచ్చు. దిగని ఇంటి పిల్లలు కూర్చోకూడదు.

పిల్సూన్ ఇంట్లో దిగే మనిషి లేదు. నాన్న యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. అమ్మ జబ్బుతో పోయింది. నాయనమ్మ అంతకుముందే సముద్రంలో పోయింది. మిగిలింది తాత, పిల్సూన్, ఒక పంది. తాత మగవాడు. పిల్సూన్‌కి పదేళ్ళు. పంది సంగతి ఎవరూ అడగలేదు.

శీతాకాలమంతా పిల్సూన్ బడి గోడకు ఆనుకుని బయట కూర్చుంది. కిటికీలకు కాగితం అంటించి ఉండేది. లోపల పిల్లలు అరిచి చదివేది వినిపించేది, ఏం చూసి చదువుతున్నారో కనిపించేది కాదు. వాళ్ళ పాఠాలన్నీ ఆమెకు నోటికి వచ్చాయి. ఒక్క అక్షరం కూడా తెలియదు. తలుపు మీద రాసి ఉన్నదాన్ని వేలితో తడిమి, తనకు వచ్చిన పాఠాల్లో ఇది ఏది అయి ఉంటుందా అని ఆలోచించేది. తేలేది కాదు.

చలి తగ్గుతుండగా ఆమె ఒడ్డుకు వెళ్ళింది. రాళ్ళ చుట్టుగోడ మధ్య నెగడు వేసుకుని, మునిగి వచ్చిన ఆడవాళ్ళు ఒళ్ళు కాచుకుంటున్నారు. పొగ రాని వైపు పెద్ద యాంగ్ కూర్చుంది. ఊళ్ళో అందరికంటే లోతుకు వెళ్ళేది ఆమె. అందుకని ఆ చోటు ఆమెది. పొగ వైపు కొత్తగా నేర్చుకునేవాళ్ళు దగ్గుతున్నారు.

"పెద్దమ్మా, బడి సముద్రంలో నేను దిగుతా," అంది పిల్సూన్.

"పిల్లల సముద్రంలో నీ నడుము దాకా వస్తాయి నీళ్ళు. అక్కడ దిగు, నత్తలు ఏరుకో."

"మరి మా ఇంటి నుంచి ఎవరు దిగాలి?"

"మీ పందిని దింపు," అని పొగలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. యాంగ్ నవ్వలేదు.

"మీ ముంగిట్లో కో అవ్వ ఉందిగా," అని ఆమె అంది. "ముసలిదైనా ఇంకా దిగుతుంది. కానీ ఆమె పొయ్యి వేరు, మీ పొయ్యి వేరు. ఒకే ముంగిలి అయినా రెండు గుండిగలుంటే రెండిళ్ళు. ఇదేమీ నేను పెట్టింది కాదు."

"ఆమె గుండిగలో నేను తింటే?"

"నువ్వు తింటే చుట్టానివి. మీ తాత తింటే ఇల్లు ఒకటవుతుంది. నాచు కోతకు సముద్రం తెరిచే రోజుకి తింటాడేమో అడుగు."

నెగడు చుట్టూ ఈసారి ఎవరూ నవ్వలేదు. అడిగి లాభం లేదని అందరికీ తెలుసు.

తాతకూ కో అవ్వకూ మాటల్లేవు. లోపలి ఇల్లు తాతది, వాకిలి పక్క ఇల్లు అవ్వది. మధ్య ముంగిలి. నాయనమ్మా కో అవ్వా జంటగా మునిగేవాళ్ళు. ఒకరోజు ఇద్దరూ దిగారు. కో అవ్వ పైకి వచ్చింది. ఆ పక్కింటిని ఆమెకు ఇచ్చింది నాయనమ్మే కాబట్టి తాత వెళ్ళగొట్టలేదు. కానీ ఆమె వాకిట్లోకి వస్తే ఆయన ఇంట్లోకి వెళ్ళేవాడు. ఆమె దగ్గితే గోడ వైపు తిరిగేవాడు.

పిల్సూన్ మొదట కో అవ్వను అడిగింది.

"నాదేం పోయింది?" అంది అవ్వ. "ఇంకో గుప్పెడు బార్లీ పోస్తా. కానీ మీ తాత నా గుండిగలో తింటాడా? దానికంటే నల్ల రాళ్ళు ఉడకబెట్టుకుని తింటాడు."

తరువాత తాతను అడిగింది. తాత రాళ్ళ గోడ సర్దుకుంటున్నాడు. గాలికి పడిన రాయిని ఎత్తి పెట్టి, ఇంకోటి ఎత్తాడు. అదే జవాబు.

మరునాడు పొద్దున పిల్సూన్ పొయ్యి మీద ఖాళీ గుండిగ పెట్టి, కింద మంట బాగా వేసింది. ఇనుము ఎర్రబడే దాకా చూసింది. అప్పుడు బావి నీళ్ళు కడవెడు గుమ్మరించింది. గుండిగ ఠంగుమని పగిలింది.

తాత పరుగెత్తుకు వచ్చాడు. "పగిలిందా, పగలగొట్టావా?"

"పగలగొట్టా."

"ఎందుకే?"

"మనకి గుండిగ లేకపోతే కో అవ్వ గుండిగలోనే తినాలి. అప్పుడు అవ్వది మన ఇల్లవుతుంది. నేను బడికెళ్తా."

తాత ఆ గుండిగ వైపు చాలాసేపు చూశాడు. అది నాయనమ్మ పెళ్ళిలో వచ్చింది. పిల్సూన్‌కి అది తెలియదు. తెలిస్తే పగలగొట్టేది కాదా అంటే, చెప్పలేం.

ఆయన కొట్టలేదు. వేయించి విసిరిన బార్లీ పిండి కుండలో ఉంది. చన్నీళ్ళలో కలిపి తాగాడు. మధ్యాహ్నం అదే, రాత్రి అదే. పక్కింట్లోంచి ఉడికే బార్లీ వాసన ముంగిట్లోకి వస్తుంటే ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని తాగాడు. పిల్సూన్ కూడా అదే తాగింది.

"నువ్వు పోయి తిను. నిన్నెవరు ఆపారు?" అన్నాడు తాత.

"నేను తింటే చుట్టాన్ని."

పిండి తాగి తాగి ఇద్దరి కడుపులూ ఉబ్బాయి. పందికి మాత్రం చిలగడదుంపలు దొరికాయి. దానికి పచ్చివైనా ఫరవాలేదు.

ఒక సాయంత్రం పిల్సూన్ అడిగింది: "తాతా, నాయనమ్మని అవ్వ చంపిందా?"

"ఇద్దరు దిగారు. ఒకతే వచ్చింది."

"ఇద్దరూ రాకపోతే నీకు సరిపోయేదా?"

తాత ఆలోచించాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

"సరిపోయేది," అన్నాడు.

"అప్పుడు నన్ను బడిలో కూర్చోబెట్టే మనిషి ఉండదు కదా."

తాత పిండి గిన్నె కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. మిగిలింది తాగేశాడు.

సముద్రం తెరిచే రోజు రానే వచ్చింది. ఆ రోజు ఊరంతా ఒడ్డునే ఉంటుంది. ఆడవాళ్ళు మునిగి నాచు కోసి వలసంచుల్లో నింపుతారు. నీళ్ళోడుతున్న ఆ మోపుల్ని రాళ్ళ మీదికి లాగడం మగవాళ్ళ పని. ఎవరింటి మోపు వాళ్ళు లాగుతారు. కో అవ్వ మోపు ప్రతి ఏడూ ఆమే లాక్కునేది.

పిల్సూన్ తెల్లవారకముందే కో అవ్వ పొయ్యి మీది గుండిగను, అందులోని వేడి బార్లీ అన్నంతో సహా, గోనెలో చుట్టి వీపున కట్టుకుని ఒడ్డుకు మోసింది. దారిలో వీపు కాలింది. దించలేదు. యాంగ్ కూర్చున్న రాయికి ఎదురుగా పెట్టి మూత తీసింది. ఇది ఎవరి గుండిగ అని ఎవరూ అడగనక్కర్లేదు. అంచున అతుకు ఉన్న గుండిగ ఊళ్ళో అదొక్కటే.

"ఏమిటే ఇది?" అంది యాంగ్.

"మా ఇంటి అన్నం."

"మీ తాత తిన్నాడా?"

"ఇంకా లేదు."

యాంగ్ కో అవ్వ వైపు చూసింది. "పొయ్యి ఒకటేనా, అత్తా?"

"ముసలాణ్ణి అడుగు. నేను అబద్ధం ఆడి నీళ్ళలో దిగను," అంది కో అవ్వ. మునగబోయే ముందు అబద్ధం ఆడితే నీళ్ళలో ఊపిరి బిగపట్టలేరని వాళ్ళ నమ్మకం.

తాత మగవాళ్ళ వరసలో నిలబడి ఉన్నాడు. లాగడానికి ఆయనకు మోపు లేదు. అయినా ఏటా వచ్చి నిలబడేవాడు. భార్య పోయిన నీళ్ళు అవే.

"ఏం మావా, తింటావా?" అని యాంగ్ అరిచింది. "తినకపోతే చెప్పు, సూర్యుడు పైకొస్తున్నాడు. నీ కోసం సముద్రం ఆగదు."

"పిండి తాగి తాగి మావ నోరు అతుక్కుపోయినట్టుంది," అన్నాడు వరసలో ఒకడు.

"నీ పెళ్ళాం తెస్తే తిని, నీ పెళ్ళాం మునిగితే లాగే వాడివి. నువ్వు మాట్లాడకు," అన్నాడు తాత. ఆయన ఒడ్డు మీద మాట్లాడి చాలా ఏళ్ళయింది. వాడు నోరు మూసుకున్నాడు.

పిల్సూన్ గిన్నెలో అన్నం పెట్టి చెంచా గుచ్చి రెండు చేతులా పట్టుకు నిలబడింది. బతిమాలలేదు, ఏడవలేదు. చేతులు నొప్పి పుట్టినా దించలేదు. గాలికి అన్నం మీద ఆవిరి చెదిరిపోయింది. చల్లారుతోందని అందరికీ కనిపిస్తోంది.

తాత వచ్చి గుండిగ పక్కన కూర్చున్నాడు. గిన్నె అందుకున్నాడు. ఒక చెంచా తిన్నాడు. నమిలాడు. మింగాడు. ఊరంతా ఆ మింగడం చూసింది.

"ఉప్పెక్కువ," అన్నాడు.

అది ఎవరితో అన్నాడో చెప్పలేదు. కో అవ్వ నడుముకు సీసపు బరువు కట్టుకుంటూ తల ఎత్తకుండా, "కడుపు నిండా తిని అప్పుడు చెప్పు," అంది.

తాత కడుపు నిండా తిన్నాడు. ఆకలి మీద ఉన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు కూడా.

"ఇల్లు ఒకటి," అంది యాంగ్. "ఇక దిగండి."

వాళ్ళు దిగారు. పైకి వచ్చినప్పుడు పట్టుకుని తేలడానికి తెచ్చుకున్న సొరబుర్రలు నీళ్ళ మీద ఊగాయి. ఒక్కొక్కతే పైకి వచ్చి ఈల వేసినట్టు ఊపిరి వదిలి మళ్ళీ మునుగుతోంది. మగవాళ్ళు మోపులు లాగుతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. తాత ఒక సొరబుర్రనే చూస్తూ రాయి మీద నిలబడ్డాడు. పక్కవాడు ఏదో అడిగితే వినిపించుకోలేదు. కో అవ్వ తల పైకి వచ్చింది. ఆయన నీళ్ళలోకి మోకాలి దాకా దిగి మోపు పట్టుకుని లాగాడు. ఆమె చేతిని పట్టుకోలేదు. మోపునే పట్టుకున్నాడు.

ఆయన క్షమించాడని ఊళ్ళో కొందరు చెప్పుకున్నారు. వాళ్ళకు తెలియదు. ఆ రాత్రి కూడా ఆమె దగ్గితే ఆయన గోడ వైపు తిరిగాడు. కాకపోతే ఆమె వడ్డించిన గిన్నె పట్టుకుని తిరిగాడు.

నాచు ఎండాక బడి మళ్ళీ తెరిచారు. పిల్సూన్ లోపల, వెనక వరసలో, నేల మీద కూర్చుంది. మాస్టారు పలక ఇచ్చి నిలువు గీత గీయమన్నాడు. పాఠాలన్నీ నోటికి వచ్చని ఆమె చెప్పింది. సంతోషం, ముందు గీత గీయమన్నాడు. గీసింది. వంకర పోయింది. మాస్టారు చెరిపి, మళ్ళీ గీయమన్నాడు.

మళ్ళీ గీసింది.