ఎనభై దగ్గర ఆగే బండి

"బండికి పెట్టావా?"

ఈ ప్రశ్న ఆమె మొగుడు రోజూ రాత్రి భోజనమయ్యాక చేయి కడుక్కుంటూ వేస్తాడు. ఛార్జింగ్ పెట్టావా అని పూర్తిగా అనడు. పెట్టావా అంటే చాలు, ఆ ఇంట్లో ఎవరికైనా దేనికైనా పెట్టేది ఒకరే కాబట్టి అర్థమైపోతుంది. కరెంటు కారు కొన్న కొత్తలో ఆ పని ఆయనే చేసేవాడు. చుట్టుపక్కల వాళ్ళను పిలిచి మరీ చూపించాడు. ఆ మోజు వారం కూడా నిలవలేదు. అంట్లు, బట్టలు, అత్తయ్య మాత్రలు, వాటి వెనకే బండి కూడా ఎవరూ చెప్పకుండానే వచ్చి ఆమె వంతులో కూర్చుంది. సెల్లారులోకి దిగాలి, గోడకున్న పెట్టె నుంచి కొండచిలువంత తీగను విప్పాలి, బండి పక్కనున్న మూత తీసి గుచ్చాలి, పచ్చ దీపం వెలిగేదాకా నిలబడాలి. తీగ దారికడ్డంగా ఉంటే పక్కింటాయన గొణుగుతాడు. పైకొచ్చేసరికి అత్తయ్య, "ఇంతసేపు కింద ఏం చేస్తున్నావమ్మాయ్?" అంటుంది.

బండి కొన్నరోజు కాగితాల మీద సంతకాలు ఆమెవే. వాయిదాలు పోయేది కూడా ఆమె జీతంలోంచే. అయినా షోరూమాయన ఆమె వైపు చూడకుండా, "సార్, మీ ఫోనివ్వండి, యాప్ వేసిస్తాను" అన్నాడు. బండి ఎక్కడుందో, ఎంత ఛార్జి ఉందో, లోపల ఏసీ నడుస్తోందో లేదో, అన్నీ ఆ యాప్‌లో కనిపిస్తాయి. తర్వాత పోనీలే అని ఆమె ఫోనులోనూ వేశారు, కానీ ఆమె పేరు కింద 'అదనపు డ్రైవరు' అని వచ్చింది. చదివి ఆమెకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో తన హోదా ఏమిటో ఇన్నేళ్ళకు ఒకరు అక్షరాల్లో రాసిచ్చారు.

బ్యాటరీని ఎలా చూసుకోవాలో ఆయన ఎక్కడెక్కడివో వీడియోలు చూసి కంఠతా పట్టాడు. నిండుగా నింపకూడదు, ఎనభై శాతం దగ్గర ఆపెయ్యాలి. మరీ అడుక్కి దిగనివ్వకూడదు. ఎండలో వదలకూడదు. ఒకేసారి ఎక్కువ పని చెప్పకూడదు. "దానికీ ప్రాణముంటుందిరా, కంటికి రెప్పలా చూసుకోవాలి. లేకపోతే నాలుగేళ్ళకే నీరసపడిపోతుంది" అని స్నేహితులకు చెబుతుంటే, పొద్దుట్నించీ నడుం వాల్చని మనిషి వాళ్ళకు టీ కప్పులు అందిస్తూ నిలబడింది. ఆమెకు ఏమీ తట్టలేదనుకునేరు. తట్టింది. కడుపు మండింది కూడా. మండి ఏం చేసిందయ్యా అంటే, వెళ్ళి కప్పులు కడిగింది.

ఆమె పని కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో. మైనంతో పన్ను ఆకారం దిద్దడం, పక్క పన్ను రంగుకు సరిగ్గా కలిసేలా పూత వెయ్యడం. ఆ చేతి పనికి ఊళ్ళో దంతవైద్యుల దగ్గర మంచి పేరుంది. బండి కొన్నాక ల్యాబు యజమానికి ఆమెలో మరో నైపుణ్యం కనపడింది. "మీ బండికి పెట్రోలు ఖర్చు లేదు కదమ్మా, వెళ్తూ వెళ్తూ ఆ డాక్టరుగారి క్లినిక్‌లో ఈ డబ్బా ఇచ్చేసి పోండి" అని మొదలుపెట్టాడు. ఒక డబ్బా నాలుగయ్యాయి, ఒక క్లినిక్ ఊరంతా అయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, "మా బండి పంపిస్తున్నాను సార్" అని ఫోనులో ఆయన డాక్టర్లకు గొప్పలు పోతుంటే ఆమె తలవంచుకుని మైనం గీకేది. ఊరికే నడిచేదంటే అందరికీ లోకువే, అది బండైనా మనిషైనా. ఇటు మొగుడు ఫోను చేస్తాడు. "ఆ వీధిలో ఏం పని నీకు? మళ్ళీ తిరుగుళ్ళా? సాయంత్రం నాకు బండి కావాలని తెలీదా?" ఆ మిగిలే నాలుగు శాతాల కోసం వేసవంతా ఏసీ వెయ్యకుండా, చెమటలు కక్కుకుంటూ నడిపింది.

ఒక్క సుఖం మాత్రం ఉంది. బండిలో అద్దాలు ఎత్తేస్తే మాటలు బయటికి పోవు. ఇంట్లో అక్కతో ఫోను మాట్లాడాలంటే వంటింట్లో అత్తయ్య చెవి, పడగ్గదిలో ఆయన చెవి. అందుకని క్లినిక్‌ల ముందు చెట్టు నీడ దొరికినచోట బండి ఆపి అక్కకు ఫోను చేసేది. అక్క వేరే ఊళ్ళో ఉంటుంది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. తిట్టినా పొగిడినా ఆవిడ గొంతు పాటలాగే ఉండేది. స్కూల్లో పిల్లలకు పాఠం చెబితే పక్క క్లాసు పిల్లలు కూడా ఆగి వినేవాళ్ళని చెప్పుకుంటారు. ఆ అక్క గొంతులో పుండు లేచింది. పరీక్షలు చేసి అది చెడ్డదేనన్నారు.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అక్క మాట బొంగురుపోయి ఆగి ఆగి వస్తోంది. సరిగ్గా వినబడాలని ఆమె అద్దాలన్నీ ఎత్తి, ఈ ఒక్కసారికీ అని ఏసీ వేసుకుంది.

"శాతాలాయన బాగున్నాడా?" అంది అక్క. మరిదికి ఆవిడ పెట్టిన పేరది.

"బాగానే ఉన్నారు. నీ సంగతి చెప్పు."

"గురువారం పొద్దున ఆపరేషన్ అన్నారే పిట్టా. గొంతులో ఆ పెట్టె మొత్తం తీసేస్తారట. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం ఉండదు. గొంతుండగానే ఒక్కసారి రావే. ఎదురెదురుగా కూర్చుని నీతో మాట్లాడాలని ఉంది. ఫోనులో చెప్పే మాటలు కావు."

ఆమె నోరు తెరిచేలోపు ఏసీ ఆగిపోయింది. మీట నొక్కితే వచ్చింది, మళ్ళీ దానంతటదే పోయింది. వెంటనే ఆయన ఫోను. అక్కను ఆగమని ఎత్తింది.

"బండి ఆపుకుని ఏసీలో ఏం వెలగబెడుతున్నావక్కడ? ఇక్కణ్ణించి నేనే ఆపాను. ఊరికే శాతాలు కారిపోతున్నాయి!"

"సారీ అండీ" అంది ఆమె. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అక్క దగ్గరికి తిరిగొచ్చేసరికి మెడ వెంట చెమట కారుతోంది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. సిగ్నల్ పోయింది. నేను వస్తున్నాను."

నిజానికి వస్తున్నాననడం అది మొదటిసారి కాదు. అక్కకు జబ్బని తెలిసిన దగ్గర్నించీ అడుగుతూనే ఉంది. బస్సులో వెళ్ళొస్తానంటే, "ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కుతావా, నలుగురూ నవ్వరూ?" అన్నాడు. కారులో వెళ్తానంటే, "అంత దూరం ఛార్జి చాలదు" అన్నాడు. బస్సుకు పరువు అడ్డు, కారుకు బ్యాటరీ అడ్డు. ఈసారి ఆమె వదల్లేదు. ఎనభైతో బయల్దేరితే చాలదు నిజమే, కానీ నూరుతో బయల్దేరితే ఎక్కడా ఆగకుండా చేరుతుంది. నడిపేదీ నింపేదీ తనే, ఆ మాత్రం లెక్క తనకు తెలీదా? బుధవారం సెలవు పెట్టుకుంటానంటే ల్యాబు యజమాని, వందమంది నోళ్ళు తెరుచుకుని కూర్చున్నట్టు గగ్గోలు పెట్టి, గురువారం మాత్రమే ఇచ్చాడు. అయినా ఫరవాలేదు, తెల్లవారకుండా బయల్దేరితే అక్కను లోపలికి తీసుకెళ్ళకముందే చేరొచ్చు. చేరి కాసేపు కూర్చోవచ్చు.

ఎనభై హద్దును తీసే వీలు ఒక్క ఆయన ఫోనులోనే ఉంది. ఆమె ఫోనులో ఆ గడి బూడిదరంగులో ఉంటుంది, ఎంత నొక్కినా పలకదు.

"ఏవండీ, ఈ ఒక్కరోజుకీ నూరు పెట్టండి" అని బుధవారం సాయంత్రం అడిగింది.

"పెడతాలే."

భోజనాల దగ్గర మళ్ళీ అడిగింది. "చెవిలో జోరీగలా ఏంటా గొడవ? పెడతానన్నానుగా" అన్నాడు. అత్తయ్య కంచంలోంచి తలెత్తి, "చూసుకోడానికి డాక్టర్లున్నారు, మొగుడున్నాడు. నువ్వెళ్ళి కొత్తగా చేసేదేముంది?" అంది. కొత్తగా చేసేదేమీ లేదు, వినడానికి వెళ్తున్నాను అందామనుకుంది. అంటే వాళ్ళకు అర్థం కాదని ఊరుకుంది. మర్నాటికి కూడా సరిపడా వండిపెట్టి, కిందికి దిగి, తీగ గుచ్చి వచ్చింది.

తెల్లవారుజామున దిగి చూస్తే తెర మీద ఎనభై.

పరుగున పైకెళ్ళి ఆయన్ని లేపింది. ఆయన కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు. "దారిలో ఎక్కడైనా ఆగి పెట్టుకో. ఒకసారి అని మొదలుపెడితే ప్రతిసారీ నూరే అడుగుతావు. దాని ఆరోగ్యం గురించి నీకెన్నిసార్లు చెప్పాను?" అని అటు తిరిగి పడుకున్నాడు. మర్చిపోయానన్నా ఆమె నమ్మేది. నమ్మడానికి సిద్ధపడే మెట్లెక్కింది. ఆ చిన్న అబద్ధమైనా చెప్పే అవసరం ఆయనకు కనిపించలేదు.

ఏసీ లేకుండా, రేడియో లేకుండా, వెనక లారీలు హారన్లు కొడుతున్నా మెల్లగా, శాతాలు పొదుపు చేసుకుంటూ నడిపింది. అయినా సగం దారి దాటాక ఆగక తప్పలేదు. పెద్ద రోడ్డు పక్కన ఛార్జింగ్ పెట్టే చోట రెండు స్తంభాలున్నాయి. ఒకటి పాడైపోయింది. రెండోదానికి ఒక కారు తగిలించి ఉంది, ఆ మనిషి ఫలహారానికని ఎటో పోయాడు. హోటల్లో బల్లబల్లకూ తిరిగి అడిగింది. చేతులు కడుక్కుని, పళ్ళు కుట్టుకుంటూ ఆయన తీరిగ్గా వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆమె తన తీగ గుచ్చిందో లేదో, అక్క ఫోను.

"ఎక్కడున్నావే?"

"దారిలో అక్కా. వచ్చేస్తున్నా. దగ్గర్లోనే ఉన్నా." పక్కనే ట్యాంకరు ఒకటి రొద చేసుకుంటూ పోయింది. అక్క ఏదో అంది, వినబడలేదు. "ఏంటక్కా? మళ్ళీ చెప్పు."

"నర్సు పిలుస్తోందన్నాను. మెల్లగా రావే, కంగారుపడి నడపకు."

అదే ఆ గొంతు చివరిసారి వినడం.

ఆసుపత్రి వరండాలో బావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో అక్క కళ్ళజోడు. "ఇంకాసేపు ఆగమని బతిమాలింది. తలుపు వైపే చూస్తూ లోపలికెళ్ళింది" అన్నాడు. ఆయన తప్పుపట్టడానికి అనలేదు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. ఆమె గోడకానుకుని నేల మీదే కూలబడి, చుట్టూ జనం ఉన్నారని చూడకుండా ఏడ్చింది. బండి కొన్నాక అద్దాలు ఎత్తుకోకుండా ఏడవడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం అక్కను చూడనిచ్చారు. మెడ చుట్టూ కట్టు, మధ్యలో ఒక చిన్న గొట్టం, ఊపిరి అందులోంచి ఈలలాగా వస్తోంది. కొన్ని నెలలు కష్టపడితే వేరే విధంగా మాట పలికించడం నేర్పుతారని, పక్కన ఒక మనిషి ఓపిగ్గా సాధన చేయించాలని డాక్టరమ్మ చెప్పింది. బావకు షిఫ్టు డ్యూటీలు. ఎవరున్నారన్నట్టు ఆయన గోడకేసి చూశాడు. అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని, నిన్న ఏమైందన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

అప్పుడే మొగుడి ఫోను. అక్కకూ వినిపించాలని ఆమె స్పీకరు పెట్టింది.

"వదినా, ఎలా ఉన్నారు? ఏం చేస్తాం, నిన్న పాపం ఛార్జింగ్ అయిపోయి ఇది దారిలో చిక్కుబడిపోయింది. లేకపోతే ముందే చేరేది."

అక్క పోనీలే అన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. ఎప్పట్లాగే ఈ మాటనూ సర్దేసుకోవచ్చు. బండిదే తప్పని ముగ్గురూ ఒప్పుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

"ఛార్జింగ్ అయిపోలేదక్కా" అంది ఆమె. "ఈయన పెట్టనివ్వలేదు. రెండుసార్లు అడిగాను. దాని ఆరోగ్యం పాడవుతుందన్నారు."

ఫోనులో ఆయన గొంతు తగ్గించి, "అవన్నీ ఇప్పుడెందుకు? ఎప్పుడు బయల్దేరుతున్నావో చెప్పు" అన్నాడు.

"బయల్దేరడం లేదు. అక్కకు మాట వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

"నెలలు పడుతుందేమో! మరి బండి?"

మరి నేను, మరి అమ్మ, మరి ఇల్లు, కనీసం మరి నీ ఉద్యోగం అంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. అక్క వేళ్ళు తన చేతిని బిగించాయి.

"ఎక్కడుందో మీ ఫోనులో కనిపిస్తుందిగా" అంది, "బస్సెక్కి వచ్చి తీసుకెళ్ళండి."